రంగు సరే, ఆ ఉడుత కన్ను చూశారా?

2012 ఫిబ్రవరిలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, జెర్సీ షోర్ అనే ఊళ్లో, ఊదారంగు ఉడుత ఒకటి దొరికింది. పెరట్లో పక్షులకి పెట్టిన గింజల కోసం వస్తుంటే ఇంటివాళ్లు బోను పెట్టి పట్టుకుని ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు చూస్తుండగానే ప్రపంచమంతా తిరిగొచ్చాయి. రంగునీళ్లలో పడి ఉంటుందన్నారు, ఏదో రసాయనం అంటుకుందన్నారు, ఎవరో పనిగట్టుకుని పూశారన్నారు. దాని పళ్లు సరిగా ఉన్నాయా, చెవులు ఎలా ఉన్నాయి, మిగతా ఉడుతలు దాన్ని దగ్గరికి రానిస్తున్నాయా అని అడిగినవాళ్లు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

నా గొడవంతా అదే. పెరట్లో వింత ఉడుత కనబడిందని ఎవరైనా ఉత్సాహంగా చెప్పారంటే, దాదాపు ప్రతిసారీ అది రంగు మారిన ఉడుతే అయి ఉంటుంది. ఉడుతలో అన్నిటికన్నా తేలిగ్గా కంటబడే తేడా రంగు. ఆ జంతువు గురించి అన్నిటికన్నా తక్కువ చెప్పేదీ అదేనని నా అభిప్రాయం. నిజమైన వింతలన్నీ మామూలు రంగు ఉడుతల్లోనే ఉన్నాయి. కాకపోతే వాటిని పట్టుకోవాలంటే మామూలు ఉడుత ఎలా ఉంటుందో ముందు తెలిసి ఉండాలి. "ఆఁ, ఉడుతే కదా" అని చూపు తిప్పుకునేవాళ్లకి తెల్లది తప్ప ఇంకేదీ తేడాగా అనిపించదు.

అలాగని రంగుని కొట్టిపారేయడం లేదు. తెల్లదే కనబడిందనుకోండి. ముందు చూడాల్సింది దాని కన్ను. కన్ను గులాబీరంగులోనో ఎర్రగానో ఉంటే అది ఆల్బినో. అంటే ఒంటికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఎక్కడా తయారు కావడం లేదు, కంటిలోపలి రక్తనాళాల ఎరుపే బయటికి కనబడుతోంది. కన్ను మామూలుగా నల్లగానే ఉంటే అది వేరే సంగతి, దాన్ని ల్యూసిజం అంటారు. బొచ్చుకి రంగు అందలేదు గానీ కంటికి అందింది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. బతుకులో మాత్రం చాలా తేడా ఉంది. మెలనిన్ లేకపోతే కంటి వెనకపొర, కంటి నరాలు సరిగా ఎదగవు, చూపు మందగిస్తుంది. కొమ్మ నుంచి కొమ్మకి దూరం అంచనా వేసుకుని దూకే జంతువుకి ఇది చిన్న లోపమేమీ కాదు. పైగా గద్దకి తెల్లటి ఒళ్లు ఆకుల మధ్య ఎంత బాగా కనబడుతుందో చెప్పక్కర్లేదు.

అమెరికాలోనే తెల్ల ఉడుతలకి పేరుపడ్డ ఊళ్లు కొన్నున్నాయి, వాటిలో రెండింటిని చూడండి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఓల్నీలో ఉన్నవి ఆల్బినోలు. అక్కడ రోడ్డు మీద తెల్ల ఉడుత అడ్డొస్తే బండే ఆగాలని ఊరి చట్టం. 1977 నుంచి ఏటా వాటిని లెక్కపెడుతున్నారు కూడా. నార్త్ కరోలినాలోని బ్రెవార్డ్ ఊరివి నల్ల కళ్ల తెల్ల ఉడుతలు, చాలావాటికి నెత్తిమీద నల్లటి మచ్చ ఉంటుంది. ఆ ఊరు 1986లో తనను తాను ఉడుతల అభయారణ్యంగా ప్రకటించుకుంది. పత్రికలవాళ్లు రెండు ఊళ్లనీ కలిపి "తెల్ల ఉడుతల ఊళ్లు" అని రాసేస్తుంటారు. కంటిని పట్టించుకున్నవాళ్లకి అవి ఒకే జాతిలో రెండు వేరువేరు కథలు. ఒకదాని సమస్య రెండోదానికి లేదు.

నల్ల ఉడుత కథ ఇంకా బాగుంటుంది. ఉత్తర అమెరికా బూడిదరంగు ఉడుతల్లో కొన్ని నల్లగా పుడతాయి. ఎంసీ1ఆర్ అనే జన్యువులో 24 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోవడమే దీనికి కారణం. అలా దెబ్బతిన్న జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ఉడుత ముదురు గోధుమ కలిసిన నలుపులో ఉంటుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే కారునలుపు. ఇదే లోపం ఫాక్స్ స్క్విరల్ అనే దగ్గరి చుట్టం జాతిలో కూడా ఉంది. ఎప్పుడో రెండు జాతులూ జతకట్టినప్పుడు అటు నుంచి ఇటు వచ్చి ఉండొచ్చని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. అంటే పక్కింటి గోడ మీద నల్లగా మెరుస్తూ కూర్చున్న ఉడుత ఒంట్లో ఇంకో జాతి గుర్తు తిరుగుతోందన్నమాట. ఇంగ్లండులో మొదటి నల్ల ఉడుత నమోదైంది 1912లో, వూబర్న్ దగ్గర. వాషింగ్టన్ నగరంలో ఇప్పుడు తిరిగే నల్ల ఉడుతలు 1900ల మొదట్లో కెనడాలోని ఒంటారియో నుంచి తెచ్చి జూలో వదిలినవాటి సంతానం.

ఇక్కడిదాకా ఇదంతా రంగు పురాణమే. నాకు ఆసక్తి పుట్టేది దీని తర్వాత. చలి సున్నాకి పది డిగ్రీలు కిందికి పోయినప్పుడు నల్లవి బూడిదవాటికన్నా 18 శాతం తక్కువ వేడి పోగొట్టుకుంటాయని కొలిచి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో నల్లవి బాగానే కనబడతాయి, ఊరు దాటి అడవిలోకి వెళ్లేకొద్దీ తగ్గిపోతాయి. అక్కడి చెట్ల మధ్య నల్లది వేటకి సులువుగా దొరుకుతుంది. తారురోడ్డు మీద మాత్రం బూడిదరంగుదే కలిసిపోతుంది, నల్లది డ్రైవరుకి ముందే కనబడుతుంది, బండ్ల కింద పడేవాటిలో నల్లవి తక్కువగా ఉండటానికి అదే కారణం కావచ్చు. చూశారా, రంగు కూడా ఆ ఉడుత ఎక్కడ ఎలా బతుకుతోందో అడిగినప్పుడే నోరు విప్పింది.

రంగు మనల్ని మోసం చేసే సందర్భాలూ బోలెడు. తడిసిన ఉడుత నల్లగా కనబడుతుంది. సాయంత్రపు ఎండలో ఏ ఉడుతైనా ఎర్రదే. ఫోన్ కెమెరా నీడలో ఉన్నదాన్ని నీలంగా మార్చేస్తుంది. బొచ్చు మార్చుకునే కాలంలో సగం ఒళ్లు ఒక రంగు, సగం ఇంకో రంగు ఉంటే ఏదో సంకరజాతి అని కంగారు పడేవాళ్లున్నారు. బూడిదరంగు ఉడుత ఏడాదికి రెండుసార్లు ఒంటిమీది బొచ్చు మారుస్తుంది. వసంతంలో తల నుంచి తోకవైపు, శరత్తులో వెనక నుంచి తలవైపు. యూరప్ ఎర్ర ఉడుతకి చలికాలంలో చెవుల మీద పొడుగాటి కుచ్చులుంటాయి, వేసవికి రాలిపోతాయి. డిసెంబరులో చూసిన కుచ్చుచెవుల ఉడుతా, జులైలో చూసిన బోడిచెవుల ఉడుతా ఒకటే కావచ్చు.

ఇప్పుడు అసలు విషయం. వీపు మీద చారలుండే ఉడుత మీ పెరట్లో తిరుగుతుంటే దానికి ఎన్ని చారలున్నాయో చెప్పగలరా? చాలామంది తడుముకోకుండా మూడు అంటారు. లెక్కపెట్టి అన్న మాట కాదది, విని అన్న మాట. నిజంగా మూడే ఉంటే అది ఒక జాతి. ఆ మూడింటికీ బయట, పక్కటెముకల వైపు ఇంకో రెండు లేత చారలుంటే అది వేరే జాతి, ఐదు చారల ఉడుత. ఒకే పరిమాణం, ఒకే వేగం, ఒకేలాంటి కుచ్చుతోక. ఆ రెండు చారలు లేతగా, అంచున ఉండటంవల్ల పక్క నుంచి చూస్తే తప్ప తెలియదు. దక్షిణాన మూడు చారలది, ఉత్తరాన, పొడినేలల్లో ఐదు చారలది ఎక్కువ. రెండూ తిరిగే చోట్లు కూడా ఉన్నాయి. మూడు చారలవే ఉంటాయనుకునే తోటలో ఐదు చారలది కనబడిందంటే అది తెల్ల ఉడుతకన్నా పెద్ద వార్త. కానీ దాని ఫొటో ఎవరూ ఎవరికీ పంపరు. ఈ ఐదు చారలదే 1898లో ఆస్ట్రేలియాలోని పెర్త్ జూ నుంచి బయటపడి అక్కడి తోటల్లో స్థిరపడింది. తనవంటూ ఉడుతలే లేని ఖండం అది.

మామూలుగా కనబడేదే ఎంత వింతో చెప్పడానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానిది. 2017లో అక్కడి అటవీశాస్త్ర అధ్యాపకుడు ఒకాయన రాత్రిపూట అతినీలలోహిత కాంతి టార్చి పట్టుకుని సొంత పెరట్లో ఏవేవో వెతుకుతున్నాడు. పక్షుల గింజల డబ్బా దగ్గర ఎగిరే ఉడుత కిచకిచమంది. టార్చి అటు తిప్పాడు. ఉడుత కాస్తా చిక్కటి గులాబీరంగులో వెలిగింది! తర్వాత మ్యూజియంలలో దాచిన తోళ్లన్నీ తీసి అదే వెలుతురులో పరిశీలించారు. ఉత్తర అమెరికాలోని మూడు ఎగిరే ఉడుత జాతులూ అలా వెలుగుతాయని 2019లో పరిశోధనపత్రం వచ్చింది. తరతరాలుగా మనుషులు చూస్తున్న జంతువే అది. అది మారలేదు, దానిమీద పడ్డ వెలుతురు మారిందంతే.

ప్రవర్తన సంగతికొస్తే ఇంకా దారుణం, ఎందుకంటే అక్కడ మనం చూడటం కూడా మొదలుపెట్టలేదు. కాలిఫోర్నియాలో నేల ఉడుతల్ని ఏళ్ల తరబడి వెన్నంటి చూస్తున్న బృందం ఒకటుంది. 2024 వేసవిలో అవి వోల్ అనే చిట్టెలుకల్ని వెంటాడి, మెడ కొరికి, తినడం వాళ్లు తొలిసారి చూశారు. ఆ వేసవిలో నమోదైన 74 ఘటనల్లో 42 శాతం స్పష్టమైన వేట. ఆ ఏడు చిట్టెలుకలు విపరీతంగా పెరిగాయి, ఉడుతలు అవకాశం వదులుకోలేదు. వాటి రంగు మాత్రం ఎప్పటిలాగే మట్టిరంగు. బూడిదరంగు ఉడుతలు గింజలు పాతిపెట్టేటప్పుడు ఎవరో చూస్తున్నారని అనుమానం వస్తే ఉత్తుత్తినే గుంట తీసి, ఏమీ పెట్టకుండా మట్టి కప్పి, గింజని నోట్లోనే దాచుకుని ఇంకోచోటికి పోతాయి. కిటికీలోంచి చూస్తే అది మామూలు ఉడుత మామూలు పని చేసుకుంటున్నట్టే ఉంటుంది. మట్టి కప్పాక దాని బుగ్గ ఇంకా ఉబ్బెత్తుగా ఉందేమో చూస్తే తప్ప నాటకం బయటపడదు.

మా పెరట్లో ఉన్న వింత ఉడుతకి రంగు ప్రత్యేకత ఏమీ లేదు. తోక సగమే ఉంది. పిల్లి నోట్లోంచి తప్పించుకుందో, ఇంకేదైనా జరిగిందో, నేను చూసేనాటికే మానిపోయిన మొండి అది. మేం మొండితోక అని పిలుస్తాం. బట్టలు ఆరేసే తీగ మీద మిగతా ఉడుతలు పరుగు పెట్టేటప్పుడు ఒళ్లు కుడికి ఒరిగితే తోక ఎడమకి, ఒళ్లు ఎడమకి ఒరిగితే తోక కుడికి పోతూ ఉంటుంది. మొండితోక ఆ తీగ మీద పరుగు పెట్టదు. పొట్ట తీగకి ఆనించి, వెనక పాదాలు పూర్తిగా వెనక్కి తిప్పి, గోళ్లు తగిలించుకుంటూ పాకుతుంది. చెట్టు దిగేటప్పుడు ఉడుతలన్నీ పాదాలు అలాగే తిప్పుతాయి, తలకిందులుగా దిగగలిగేది అందుకే. మొండితోక ఆ విద్యని అడ్డంగా ఉన్న తీగకి వాడుకుంటోంది. మధ్యలో గాలి వచ్చిందంటే ఆగిపోతుంది. మీసాలు మాత్రమే కదులుతాయి. గాలి తగ్గాక మళ్లీ పాకుడు. పిల్లి కనబడితే అన్నిటిలాగే గొంతు చించుకుంటుంది, ఒక్కో అరుపుకీ ఉడుతలు తోక ఎగరేస్తాయి కదా, ఆ మొండి కూడా ఠంచనుగా ఎగురుతుంది. లేని తోకని ఊపుతున్నట్టుంటుంది. ఏ ఆల్బినో ఉడుతని చూసినా నాకు ఇంత తెలిసేది కాదు.

ఇలాంటి చూపు వినోదానికే పరిమితం కాదు. బ్రిటన్‌లోని ఎర్ర ఉడుతల్లో చెవులు వాచి, మూతి చుట్టూ బొచ్చు ఊడి, చర్మం మెరుస్తున్నవి కొన్ని కనబడుతూ వచ్చాయి. పరీక్షిస్తే కుష్ఠు అని తేలింది. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం దక్షిణ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవి ఉడుతల్లోని కుష్ఠు సూక్ష్మజీవి, మధ్యయుగాల్లో ఇంగ్లండు మనుషులకి సోకిన రకానికి దగ్గరిది. ఆ దేశంలో మనుషుల నుంచి ఆ జబ్బు పోయి కొన్ని వందల ఏళ్లయింది. బయటపెట్టిన ఆధారం చెవి అంచున ఉన్న వాపు. ఫొటో చూసి "అయ్యో ఎంత ముద్దుగా ఉందో" అనేసి పోతే దొరికే ఆధారం కాదది.

అయితే తేడాగా ఉన్న ప్రతిదీ జబ్బు కాదు, ప్రతి జబ్బుకీ మన సాయమూ అక్కర్లేదు. బాగా వేడిగా ఉన్నప్పుడు ఉడుత కాళ్లూ చేతులూ నాలుగు పక్కలా చాపి, పొట్ట నేలకి ఆనించి చచ్చినట్టు పడుకుంటుంది. వేడి నేలలోకి దించుకుంటోందంతే, టెన్షన్ పడి నీళ్లు గుమ్మరించకండి. ఉత్తర అమెరికాలో వేసవి చివర కొన్నింటికి ఒంటిమీద గడ్డలు, వాటి మధ్య చిన్న రంధ్రాలు కనబడతాయి. అవి ఒకరకం ఈగ పిల్లపురుగులు. చూడ్డానికి వికారంగా ఉన్నా, ఎదిగాక పురుగు తనంతట తానే బయటికి వస్తుంది, పుండు మానుతుంది. గూట్లోంచి కిందపడ్డ పిల్లని కూడా చాలాసార్లు తల్లే వచ్చి నోట కరుచుకుని తీసుకుపోతుంది, మనం పక్కకి తప్పుకుంటే. మరోవైపు, 2018లో విస్కాన్సిన్‌లోనే ఐదు పిల్ల ఉడుతలు తోకలు గడ్డితో, ప్లాస్టిక్ పోగులతో కలిసి ముడిపడిపోయి దొరికాయి. మత్తు ఇచ్చి, జుట్టు చిక్కు తీసినట్టు ఓపిగ్గా విడదీయాల్సి వచ్చింది. అది తప్పకుండా జోక్యం చేసుకోవాల్సిన వింత, ఆ పని కూడా తెలిసినవాళ్లే చేయాలి. తల ఒకపక్కకి వాలి గుండ్రంగా తిరుగుతున్నదీ, ముందుపళ్లు వంకర పెరిగి బయటికి చుట్టుకుపోయినదీ ఇదే కోవలోకి వస్తాయి. ఉడుత ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పైవీ కిందివీ ఒకదానికొకటి ఒరుసుకోకపోతే తిండి లేక చస్తుంది.

"తెల్ల ఉడుతని చూసి కాసేపు సంతోషపడదామంటే ఇన్ని ఆంక్షలా?" అని విసుక్కునేవాళ్లుంటారు. సంతోషపడండి, ఎవరొద్దన్నారు. ఆ సంతోషం చేతల్లోకి దిగినప్పుడే నాకు భయం. వింత ఉడుతని చూసి ముచ్చటపడటం ఎక్కడిదాకా పోగలదో చెప్పడానికి బ్రిటన్ ఒక్కటి చాలు. 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో అమెరికా బూడిదరంగు ఉడుతల్ని వదిలారు. అప్పటి తోటల్లో అదే వింత ఉడుత! ముచ్చటగా ఉన్నాయని పెద్దింటివాళ్లు ఒకరికొకరు కానుకలుగా పంచుకున్నారు. 1937లో ప్రభుత్వం తేవడాన్నీ, పెంచడాన్నీ నిషేధించింది, కానీ అప్పటికే చేయి దాటిపోయింది. అవి మోసుకొచ్చిన మశూచి లాంటి వైరస్ వాటిని పెద్దగా బాధించదు, అక్కడి ఎర్ర ఉడుతల్ని చంపేస్తుంది. ఇటలీలో 1948లో టూరిన్ దగ్గర కాండియోలోలో వదిలింది రెండు జంటలే. ఇప్పుడు పీడ్‌మాంట్ ప్రాంతంలో పెద్ద ప్రదేశాన్ని అవే ఆక్రమించాయి.

కాబట్టి బోను వద్దు. దత్తత పేరుతో వేరే తోటకి తరలించడం అసలే వద్దు. తెల్లది కనబడిందని దానికోసమే ప్రత్యేకంగా తిండి కుప్పపోయడం కూడా నాకు నచ్చదు, ఒకేచోట గుమిగూడితే గజ్జి ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది, పిల్లికి కాపు కాయడానికి చోటు దొరుకుతుంది. ఇంటి గుర్తులు కనబడేలా ఫొటో పెట్టి జనాన్ని పోగుచేయడం గురించి వేరే చెప్పాలా?

చేయదలుచుకుంటే చేయగల పని ఒకటుంది, నమోదు చేయడం. పక్క నుంచి ఒక ఫొటో, కన్ను కనబడేలా ఒకటి, తోక చివరిదాకా వచ్చేలా ఒకటి. ఎండలో తీశారా నీడలో తీశారా, ఒళ్లు తడిగా ఉందా, అప్పుడది ఏం చేస్తోంది, చుట్టూ ఉన్న మిగతావి ఎలా ఉన్నాయి. ఐనాచురలిస్ట్ లాంటి, జనం తాము చూసిన జంతువుల్నీ మొక్కల్నీ నమోదు చేసే ఆన్‌లైన్ వేదికలో పెడితే కచ్చితమైన చోటు బయటికి కనబడకుండా దాచే సదుపాయం కూడా ఉంది. తెల్లదాన్నో నల్లదాన్నో పెట్టి ఊరుకోకండి, దాని పక్కన తిరిగే మామూలువాటినీ పెట్టండి. సిరక్యూస్‌లో నల్లవి ఎంత శాతమో, అడవివైపు వెళ్లేకొద్దీ ఎలా తగ్గుతున్నాయో తేల్చడానికి పరిశోధకులు ఇలా జనం పెట్టిన ఫొటోలు కూడా వాడుకున్నారు. ఎవరూ ముచ్చటపడని బూడిదరంగు ఉడుతల్ని కూడా ఎవరో ఓపిగ్గా ఫొటోలు తీసి పెట్టబట్టే ఆ శాతం కట్టడం వీలైంది.